దివాకరంగారి వెదురు కారు

వెన్నెల్లంక టౌన్‌షిప్‌లో ఇల్లు కొన్నప్పుడు దివాకరం తన భార్య హైమవతికి రెండు మాటలిచ్చాడు. పొద్దున్నే కోయిలలు కూస్తాయన్నది ఒకటి, త్వరలో కారు కొంటానన్నది రెండోది. కోయిలలు ఎవరూ అడక్కుండానే వచ్చి ఆయన మాట నిలబెట్టాయి. కారు మాత్రం రాలేదు.

ఇల్లు అమ్మినవాళ్ళు కాగితంలో "బెజవాడకు కూతవేటు దూరం" అని రాశారు. ఆ కూత ఎవరు వేశారో గాని గొంతు చాలా గట్టిది. బ్యాంకులో క్యాషియరుగా పనిచేసే హైమవతి తెల్లారకముందే లేచి, వంట ముగించి, గతుకుల రోడ్డు మీద మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ షేర్ ఆటోలో సగం ఒళ్ళు లోపల, సగం ఒళ్ళు బయట పెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళేది. దివాకరం పక్కనే ఉన్న జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పేవాడు. ఆయనకి కాలేజీ దగ్గర, ఇల్లు దగ్గర, కోయిలలు దగ్గర. ఈ అన్యాయం ఆలుమగలిద్దరికీ తెలుసు. ఒకరే పైకి అనేవారు.

"ఏవండీ, దసరానాటికి మన గుమ్మంలో కారుండాలి. దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నేను తొక్కించాలి. లేదంటే ఈ ఇల్లు అద్దెకిచ్చేసి, సత్యనారాయణపురంలో మా పిన్ని వాళ్ళ పై వాటాలోకి పోదాం. ఇక నా నడుం వల్ల కాదు," అని హైమవతి ఒక ఆదివారం తేల్చి చెప్పేసింది.

దివాకరం చూపు పెరట్లోకి పోయింది. జీవితమంతా అద్దె ఇళ్ళలో, కుండీల్లో మొక్కలు పెంచిన మనిషి. మొదటిసారి సొంత నేలలో జామ, సపోటా, కరివేపాకు నాటుకున్నాడు. అవి వదిలి పై వాటాలోకి వెళ్ళడమంటే ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. అంత మాత్రాన ఆవిడ నడుం నొప్పి అబద్ధమా? కాదు. అందుకే మర్నాడే సెలవు పెట్టి, కారు కొనడానికి అనుమతి అడగడానికి బయల్దేరాడు.

అనుమతి ఎందుకంటారా? అది వేరే కథ. వెన్నెల్లంక వాసులందరూ కలిసి ఆ మధ్య ఒక అర్జీ పెట్టుకున్నారు, రోడ్లు బాగోక కార్లు పాడైపోతున్నాయని. పైవాళ్ళు ఆ అర్జీని చాలా శ్రద్ధగా చదివారు. కార్లు పాడైపోతున్నాయి కాబట్టి ఇది కార్ల సమస్య అని తేల్చారు. వెంటనే శివారు వాహన అనుకూలతా మండలి అని ఒకటి పెట్టి, దానికి గరుడాచలంగారిని అధికారిగా వేసి, ఆయనకి తిరిగే కుర్చీ ఇచ్చారు.

గరుడాచలంగారు మామూలు తెలుగు మాట్లాడి చాలా కాలమైంది. దివాకరం చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని, కుర్చీని అటో చుట్టు, ఇటో చుట్టు తిప్పి, కళ్ళు తెరిచారు.

"సదరు రోడ్డు ఈ ప్రాంతమునకు ముందుగా వచ్చియున్నది. కారు తదుపరి రాబోవుచున్నది. ముందున్నవారు సర్దుకుపోవలెనా, తదుపరి వచ్చువారు సర్దుకుపోవలెనా?"

"తర్వాత వచ్చినవాళ్ళేనండి."

"మీ గృహమున కోడలు వచ్చినప్పుడు ఎవరు సర్దుకుపోయిరి?"

దివాకరం హైమవతిని తలచుకుని నీళ్ళు నమిలాడు. గరుడాచలంగారు దాన్ని అంగీకారం కింద జమ కట్టుకున్నారు.

"కావున శివారు జీవనమునకు ఏ కారు అనుకూలమో మండలి నిర్ణయించును. అయితే పరీక్ష నిమిత్తము అసలు కారునే ఈ రోడ్లపై తిప్పినచో అది పాడగును. అందుచేత ముందుగా పూర్వవాహనమును నడపవలెను."

"పూర్వవాహనం అంటే ఏంటండీ?"

దానికి జవాబు పక్కన నిలబడ్డ గుమాస్తా పానకాలు చెప్పాడు. "కారు కొలతలతో వెదురు చట్రం కట్టించుకోవాలండి మాస్టారూ. చుట్టూ గుడ్డ కట్టాలి. అడుగు ఉండదు. మీ ఇంట్లోవాళ్ళందరూ లోపల ఎవరి సీట్లో వాళ్ళు నిలబడి, తాళ్ళు భుజాన వేసుకుని నడవాలి. మెయిన్ రోడ్డు దాకా ఎక్కడికెళ్ళినా అందులోనే వెళ్ళాలి. అది బాగా నడిస్తే అసలు కారుకి అనుమతి వస్తది."

"ఇంట్లో మేం ముగ్గురమే. నేను, మా ఆవిడ, మా అమ్మ."

"నాలుగో సీట్లో నేను నడుస్తానండి. రాసుకోవాలి గదా."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పడానికి దివాకరానికి మజ్జిగ రెండు గ్లాసులు పట్టాయి. హైమవతి అంతా విని, "దసరా దాకా ఆగుతానన్నాను, ఆగుతాను. ఆ తర్వాత మాత్రం వెదురూ లేదు, వెన్నెలా లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. దివాకరం తల్లి నాంచారమ్మ ఒక్కతే ముచ్చటపడింది. "ఒరేయ్ దివాకరం, కిటికీ పక్క సీటు నాదే," అంది.

మండలి మొదట పెద్ద కారు కేటాయించింది. శివార్లలో ఉండేవారు విశాలమైన గాలి పీల్చుకుంటారు గనుక వారికి విశాలమైన వాహనం అవసరమని అందుకు కారణం చూపించారు. పెళ్ళిపందిళ్ళు వేసేవాళ్ళు వచ్చి చట్రం కట్టారు. దీపాల చోట రెండు స్టీలు పళ్ళేలు, స్టీరింగు చోట నాంచారమ్మ జల్లెడ బిగించారు. హారను సంగతి పానకాలు చదివి వినిపించాడు. డ్రైవరు నోటితో స్పష్టంగా "పాం పాం" అనాలి. "జరగండమ్మా" అనకూడదు, అది కారు అనే మాట కాదు.

డ్రైవింగు హైమవతిదే. కారు ఎవరి నడుం కోసమో ఆవిడే నడపాలని దివాకరం పట్టుబట్టాడు. మొదటిరోజు అందరూ తాళ్ళు భుజాన వేసుకుని గుమ్మం దాటారు. ముందు హైమవతి, పక్కన దివాకరం, వెనక నాంచారమ్మ, ఆవిడ పక్కన చేతిలో కాగితాలతో పానకాలు. బండి వేగం నాంచారమ్మ మోకాళ్ళని బట్టి ఉంది. వీధి మలుపు దాకా వెళ్ళేసరికి ఆవిడ చెప్పు తెగింది. పానకాలు టైరు పంక్చరని రాసుకున్నాడు. నాంచారమ్మ రెండో చెప్పు కూడా విడిచేసి, అరుగు మీద పెట్టించి, ఇప్పుడు హాయిగా ఉంది పదండి అంది. పానకాలు కాస్త ఆలోచించి, టైర్లు లేకుండా కూడా నడుస్తుందని కలిపాడు.

వెన్నెల్లంకలో ఇళ్ళకన్నా ఇళ్ళ ముందు ర్యాంపులు పెద్దవి. ఎదురింటాయన ర్యాంపు జానెడు పెంచితే ఈయన మూరెడు పెంచుతాడు. మందులషాపు మస్తాన్‌వలి ఇంటి ర్యాంపుకీ, ఎదురింటి ర్యాంపుకీ మధ్య రోడ్డనేది ఒక జ్ఞాపకంగా మిగిలింది. పెద్ద కారు అక్కడ ఇరుక్కుపోయింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. హైమవతి "పాం పాం" అంది, ఆ తర్వాత పళ్ళు బిగబట్టి మరేదో కూడా అంది. చివరికి నలుగురూ చట్రాన్ని తలల మీదికెత్తి, ర్యాంపుల మీదుగా దాటించి అవతల దించుకున్నారు. పానకాలు ఉన్నదున్నట్టు "వాహనము ఎగిరెను" అని రాశాడు.

"ఎగురు వాహనములు మా పరిధిలోనివి కావు," అని గరుడాచలంగారు పెద్ద కారుని తిరస్కరించి, చిన్న కారు కేటాయించారు.

చిన్న కారు ర్యాంపుల మధ్య నుంచి పాములా జారిపోయింది. కానీ లోపల నాంచారమ్మ మోకాళ్ళు అడుగడుక్కీ కొడుకు పిక్కల్ని పొడిచేవి. దివాకరం ఓర్చుకున్నాడు. మెయిన్ రోడ్డు దాకా నలుగురూ నడిచి, చట్రాన్ని చెట్టుకింద నిలబెట్టి, హైమవతి షేర్ ఆటో ఎక్కి బ్యాంకుకి వెళ్ళేది. సాయంత్రం ఆవిడ దిగేసరికి మిగిలిన ముగ్గురూ చట్రంలో సిద్ధంగా ఉండేవారు. "ఒక్కదాన్నే నడిచొచ్చేదాన్ని. ఇప్పుడు కారు మోసుకుంటూ నడిచొస్తున్నా," అనేది హైమవతి. దివాకరం ఆవిడ చేతి సంచీ అందుకునేవాడు.

ఇలా కొన్నాళ్ళు గడిచేసరికి ఊళ్ళో వాళ్ళకి ఇది పిచ్చిగా కాక ముచ్చటగా కనిపించడం మొదలైంది. కారు కొనే ఉద్దేశం కలలో కూడా లేనివాళ్ళు చట్రాలు కట్టించుకున్నారు. మస్తాన్‌వలి మఖమలు గుడ్డ చుట్టించి, పైన కప్పు లేకుండా వదిలేసి, "మాది సన్‌రూఫు అండీ," అని చెప్పుకునేవాడు. వెనక సీట్లో వాళ్ళబ్బాయి విసనకర్రతో ఏసీ వేసేవాడు. పెళ్ళిచూపుల్లో పిల్లాడికి సొంత పూర్వవాహనం ఉందా అని అడగడం మొదలైంది. వాడిన చట్రాలు అమ్మేవాళ్ళు గోడల మీద బోర్డులు పెట్టారు. ఒక్క కుటుంబమే నడిచిన బండి అట, అందులో ఎవరికీ కీళ్ళనొప్పులు లేవట.

చట్రాలు పెరిగాక పోలీసులు ఊరుకుంటారా? మెయిన్ రోడ్డు దగ్గర కానిస్టేబులు దివాకరం బండిని ఆపి, సీటు బెల్టు ఏదన్నాడు.

"సీటే లేదు కదండీ, నిలబడే ఉన్నాం," అన్నాడు దివాకరం.

"సీటు లేకపోవడం వేరే కేసు. ఇప్పుడు బెల్టు గురించి మాట్లాడండి," అని జరిమానా రాశాడు.

ఆ మర్నాడు పొగ పరీక్ష పెట్టారు. డ్రైవర్లందరూ వరసలో నిలబడి నోరు తెరిచి ఊదాలి, మనిషొకడు వాసన చూస్తాడు. ముందురోజు రాత్రి వెల్లుల్లి కారం తిన్నవాళ్ళ బండ్లన్నీ పక్కకి పెట్టించారు. హైమవతి సోంపు నమిలి గట్టెక్కింది. బ్యాంకులో ఆవిడ కౌంటరు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఎంతకీ జరక్కపోతే ఆవిడ నోట్లోంచి "పాం పాం" వచ్చేసిందని విన్నప్పుడు, దివాకరం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాడు. తన జామచెట్టు కోసం ఆవిడని ఏం చేస్తున్నాననిపించింది.

చివరి పరీక్ష దసరా ముందురోజున పడింది. అధికారిగారు స్వయంగా బండిలో ప్రయాణించి చూడాలి. ఇది గట్టెక్కితే రేపు గుమ్మంలో కారు. దివాకరం షోరూములో మాట్లాడి చిన్న కారొకటి సిద్ధంగా ఉంచమన్నాడు. గట్టెక్కకపోతే సామాన్లు సర్దడమే. హైమవతి అప్పటికే అటక మీది ట్రంకుపెట్టెలు రెండు కిందికి దింపించింది.

గరుడాచలంగారు తమ ఆఫీసు కారుని వెన్నెల్లంక పొలిమేర బయటే వదిలి నడుచుకుంటూ వచ్చారు. దాని పూర్వవాహనం ఇంకా నడవలేదట. ఆయనకి చోటివ్వడానికి నాంచారమ్మ దిగి, హారతి పళ్ళెం పట్టుకుని పక్కన నడిచింది. గరుడాచలంగారు వెనక సీట్లో తాడు భుజాన వేసుకుని, ప్రయాణికుడి హోదాలో కిటికీలోంచి బయటికి చూస్తూ నడక సాగించారు. పానకాలు ఆయన పక్కన.

రాత్రి వాన పడింది. రోడ్డంతా బురదనీళ్ళు సమంగా పరుచుకుని చూడముచ్చటగా ఉంది. టౌన్‌షిప్ గేటు దాటాక హైమవతి వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"సార్, ఇక్కడ పెద్ద గొయ్యుంది. నీళ్ళు నిండి కనపడట్లేదు. నేను ఎడమకి తిప్పుతున్నా, మీరూ అటే నడవండి."

"తిప్పరాదు. మండలి రికార్డుల ప్రకారము ఈ మార్గమున గోతులు లేవు. లేని గోతి నిమిత్తము వాహనమును తిప్పుట అనుకూలతకు భంగము."

హైమవతి తిప్పేసింది. రోజూ నడిచే మనిషి, ఆవిడ కాళ్ళకి రికార్డులతో పనిలేదు. దివాకరం తిరిగాడు, పానకాలు తిరిగాడు, కారు తిరిగింది. గరుడాచలంగారు మాత్రం నిబంధనల ప్రకారం తిన్నగా అడుగు వేశారు. తాడు భుజం మీంచి జారిపోయింది. బుడుంగుమని ఒక చప్పుడైంది. అందరూ తిరిగి చూసేసరికి గోతిలోంచి ఆయన తలా, కళ్ళజోడూ మాత్రం కనిపిస్తున్నాయి.

"ఈ కారునకు గ్రౌండ్ క్లియరెన్సు చాలదు. పానకాలూ, రాసుకో," అన్నారు తల తిప్పకుండా.

"కారు పైనే ఉంది సార్. మీరే కిందున్నారు," అన్నాడు దివాకరం ఆదుర్దాగా.

చెయ్యి పట్టుకుని లాగితే బురద వదల్లేదు. జనం పోగయ్యారు. చట్రాల్లో వచ్చినవాళ్ళు చట్రాల్లోంచే తొంగి చూశారు. మస్తాన్‌వలి ఫైరింజనుకి ఫోను చేయబోతుంటే పానకాలు గొంతు సవరించుకున్నాడు.

"ఫైరింజను రాకూడదండి. దాని పూర్వవాహనం మన రోడ్ల మీద నడవలేదు. అది ముందు నడవాలి, తర్వాత మండలి చూడాలి..."

"మినహాయింపు ఇచ్చుచున్నాను!" అన్నారు గరుడాచలంగారు గోతిలోంచి.

"మీరిప్పుడు ఏమిచ్చినా చెల్లదు సార్. ఏ ఉత్తర్వైనా అధికారి కుర్చీలో కూర్చునే ఇవ్వాలని మీరే రాశారు. మీరేమో నిలబడి ఉన్నారు."

గరుడాచలంగారికి ఆ నిబంధన గుర్తుంది. చాలా మంచి నిబంధన అని అప్పట్లో ఆయన్ని అందరూ మెచ్చుకున్నారు కూడా. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి గనుక ఇప్పుడు మెచ్చుకోవడానికి ఆయనకి వీల్లేకపోయింది.

దివాకరం మనసు మెత్తన. ఎదుటి మనిషి బురదలో ఉంటే చూస్తూ నిలబడలేడు. గబగబా తన చట్రం ముడులు విప్పి, పొడుగాటి బొంగులు రెండు తీసి, అడ్డకర్రలు కట్టి నిచ్చెన చేసి గోతిలోకి దించాడు. పళ్ళేలు, జల్లెడ రోడ్డు మీద పడ్డాయి. గరుడాచలంగారు ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ సగం దాకా వచ్చి, ఊపిరి తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, రోడ్డు మీద పడి ఉన్న కారు ముక్కలు చూశారు. చూసి ముఖం గంభీరంగా పెట్టారు.

"పానకాలూ, రాసుకో. దరఖాస్తుదారుడు పూర్వవాహనమును స్వహస్తములతో విడగొట్టినాడు. వాహనము లేదు గనుక దరఖాస్తు లేదు. దసరా సెలవుల తదుపరి కొత్త చట్రముతో మొదటి నుండి రావలెను."

దివాకరం నిచ్చెన వంక చూశాడు. తన కారే ఆయన కాళ్ళ కింద ఉంది, ఆయన దాని మీద నిలబడే కారు లేదంటున్నాడు. కోపం రావాల్సిన చోట దివాకరానికి దుఃఖమొచ్చింది. అటక మీంచి దింపిన ట్రంకుపెట్టెలు కళ్ళముందు మెదిలాయి.

కోపం హైమవతికి వచ్చింది. అయితే బ్యాంకు కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి గనుక గొంతులో అది వినపడలేదు.

"సారు చెప్పింది నిజమే. చివరి పరీక్ష అవకుండా బండి విడగొట్టడం మన తప్పే. ఏవండీ, ఆ బొంగులు ఇలా లాగేయండి, మళ్ళీ కట్టేద్దాం."

"హైమా, ఆయన ఇంకా ఎక్కలేదు..."

"ఆయన ఎక్కింది మన కారండీ. ముందు మన కారు మనం తెచ్చుకుందాం." నాంచారమ్మ హారతి పళ్ళెం కింద పెట్టి, కోడలికి సాయం పట్టింది. అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఉండటం దివాకరం తన కళ్ళతో చూడటం అదే మొదలు.

బొంగులు జారాయి. గరుడాచలంగారు మళ్ళీ గడ్డం దాకా వెళ్ళారు.

"మంజూరు!" అన్నారు. అంత చిన్న మాట ఆయన నోట్లోంచి రావడం పానకాలు ఎప్పుడూ వినలేదు.

"నిలబడి ఉన్నారు సార్," అన్నాడు పానకాలు బాధగా.

హైమవతి చుట్టూ చూసింది. ఆవిడ చూపు అందుకుని, మస్తాన్‌వలి తన షాపులోంచి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చాడు. తాడు కట్టి కుర్చీని గోతిలోకి దించారు. అది బురదలో కాస్త కుదురుకునేదాకా పైనుంచి తలా ఒక సలహా ఇచ్చారు. గరుడాచలంగారు మెల్లిగా కూర్చున్నారు. కూర్చోగానే నీళ్ళు ముక్కు దాకా వచ్చాయి గనుక తల పైకెత్తి ఆకాశంతో మాట్లాడవలసి వచ్చింది.

"ఏ కారు సార్, పెద్దదా, చిన్నదా?" అంది హైమవతి.

"మీ ఇష్టం!"

"మా ఇష్టమని రాసుకో పానకాలూ. మా ఒక్కరికేనా సార్, వెన్నెల్లంకలో అందరికీనా?"

గరుడాచలంగారు ఒక్క క్షణం ఆలోచించబోయారు. ఆలోచనకి తల వంచడం ఆయనకి అలవాటు. వంచగానే ముక్కులోకి నీళ్ళు పోయి, దగ్గుతో పాటు "అందరికీ!" కూడా వచ్చేసింది. పానకాలు తారీఖు వేసి, ముద్ర కొట్టి, సంతకానికి కాగితాన్ని తాడుకి కట్టి లోపలికి దించాడు. సంతకమయ్యాకే బొంగులు మళ్ళీ దిగాయి.

ఒళ్ళంతా బురదతో ఒడ్డున నిలబడి గరుడాచలంగారు ఆ గోతిని చాలాసేపు చూశారు. "ఇచ్చట దీనిని ఎవరు తవ్వించిరి?" అన్నారు ఉగ్రంగా.

పానకాలు కాగితాలు తిరగేశాడు. "మనమే సార్. కార్ల గ్రౌండ్ క్లియరెన్సు పరీక్షించడానికి."

ఆయన ముఖం విప్పారింది. "పని చేయుచున్నది," అన్నారు తృప్తిగా.

దసరా పొద్దున్న చిన్న కారు వెన్నెల్లంకకి వచ్చింది. ఆకుపచ్చది, హైమవతి ఎంచుకున్నదే. నాంచారమ్మ పసుపుకుంకాలు పెట్టింది, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పిలవకపోయినా పానకాలు వచ్చి అలవాటు ప్రకారం నాలుగో సీట్లో కూర్చున్నాడు. వీధిలో చట్రాల్లో ఉన్నవాళ్ళందరూ పక్కకి తప్పుకుని "పాం పాం" అన్నారు. వాళ్ళకీ అనుమతి వచ్చేసిందిగా, చట్రాలెందుకింకా అని దివాకరం అడిగితే, మస్తాన్‌వలి నొచ్చుకున్నాడు. "మఖమలు గుడ్డండీ మాస్టారూ, ఊరికే ఎట్టా పారేత్తాం?" అన్నాడు.

హైమవతి గోతిని చుట్టి తిప్పుకుని మెయిన్ రోడ్డెక్కింది. ఆటోల పక్కనుంచి పోతుంటే ఆవిడ వీపు మొదటిసారి సీటుకి పూర్తిగా ఆనింది. కాస్త దూరం వెళ్ళాక పక్కకి చూసింది. దివాకరం ముఖానికి చెమట పట్టి ఉంది, రొప్పుతున్నాడు. కిందికి చూస్తే, ఆయన కాళ్ళు రెండూ కారులో బుద్ధిగా నడుస్తున్నాయి. వెనకాల నాంచారమ్మవీ నడుస్తున్నాయి, పానకాలువీ నడుస్తున్నాయి.

హైమవతి నవ్వు ఆపుకోలేక కారు పక్కకి ఆపేసింది. కళ్ళు తుడుచుకుని, "ఏవండీ, ఇంజనుంది, మీరు మానేయండి. రేపట్నుంచి నాతో రానక్కర్లేదు, పొద్దున్నే మీ మొక్కలకి నీళ్ళు పోసుకోండి. సాయంత్రం వస్తూ నేను ఎరువు తెస్తా," అంది.

ఎరువు తెస్తానంటే ఇల్లు ఉన్నట్టే. దివాకరం గట్టిగా తలూపాడు. కారు మళ్ళీ కదిలింది. కాళ్ళు ఆపాలని ఆయన చాలా ప్రయత్నించాడు గాని, సంతోషానికి అవి ఇంకాస్త వేగంగా నడిచాయి.